ఇవాళ్టి గడి: 11 అడ్డం మొట్టికాయే కదా? మరి 11 నిలువు ఎందుకు కుదరడం లేదు?

పోర్టు గుమాస్తా, కంచరపాలెం
జూన్ 15, ఉదయం 9:40

అందరికీ నమస్కారం. ముందే ఒక మాట. జవాబు చెప్పేయకండి, దారి చూపండి చాలు. కిందటి వారం ఇలాగే అడిగితే ఒకాయన పూర్తి గడి ఫోటో పెట్టేశారు. ఆ రోజంతా అన్నం సహించలేదు నాకు.

మన గుంపుకి రోజూ గళ్ళ నుడికట్టు కట్టి పెట్టే మాస్టారి గడి పొద్దున్న ఆరింటికి ఫోన్లో పడింది. నేను ఫోన్ మీద నింపలేను. వేలు ఒక గడి మీద పెడితే పక్క గడి తెరుచుకుంటుంది. అంచేత రోజూ స్కేలు పెట్టి, రూళ్ళ పుస్తకంలో తొమ్మిది తొమ్మిదులు గీసుకుని, నల్ల గళ్ళకి పెన్సిలు రుద్ది, అప్పుడు కూర్చుంటాను. గీయడానికే పావుగంట. "కాఫీ చల్లారేదాకా గీతలేనా" అంటుంది మా ఆవిడ. గీస్తున్నప్పుడే సగం జవాబులు తోస్తాయి అంటే నమ్మదు.

నిన్నటిదాకా థీమ్ ఏమిటో మాస్టారు పైనే రాసేవారు. ఒక రోజు సింహాచలం, ఒక రోజు వంటిల్లు, ఒక రోజు రాగాలు. రాగాల రోజు నాకు పండగ, ఇరవై నిమిషాల్లో కొట్టేశాను. ఇవాళ మాత్రం "థీమ్ ఉంది. పేరు చెప్పను. 22 అడ్డం నిండితే మీకే తెలుస్తుంది" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

ఇప్పటిదాకా నా లెక్క ఇదీ.

1 అడ్డం: "కోతలరాయుడి కూర (4)". నేను ముందు ఆనపకాయ అనుకున్నాను. మన ఇళ్ళల్లో అనేది అదే కదా. కానీ ఆనపకాయకి ఐదు గళ్ళు కావాలి. పది నిమిషాలు దానితోనే కుస్తీ పట్టాను. మా అల్లుడిది గుంటూరు వైపు. అతను మాట్లాడేది గుర్తొచ్చి, సొరకాయ కోతలు తట్టింది. సొరకాయ.

6 అడ్డం: "పదిమంది ఒక్కచోట చేరడం (4)". ధైర్యంగా సమావేశం అని రాసేశాను. మూడో గడిలోంచి దిగే 7 నిలువు "కూర కలుపుతుంది, రుచి ఎరగదు (3)". అది గరిటె కాక ఇంకేమిటి? వే దగ్గర గ రావాలి. సమావేశం చెరిపి సమాగమం.

17 అడ్డం: "చూపులు కాదు, చూసేవే. నిటారుగా ఉండవు (5)". వాలుచూపులు అని రాయబోయి ఆగాను. చూపులు కాదని ఆయనే చెప్తున్నాడు కదా. వాలుగన్నులు.

11 అడ్డం: "నెత్తిన పడుతుంది, కూరకి పనికిరాదు (4)". మొట్టికాయ. ఇందులో అనుమానమే లేదు. చిన్నప్పుడు లెక్కల్లో నేను తిన్నవన్నీ ఇవే.

ఇక్కడిదాకా బాగానే ఉంది. ఇప్పుడు 11 నిలువు, అదే మొట్టికాయలో మొ దగ్గర నుంచి కిందకి దిగేది: "బ్రహ్మకైనా నాగుకైనా చివర ఇదే (3)". మూడో గడి డు. అది ఖాయం, 14 అడ్డం వాడుక లోంచి వచ్చింది. అంటే మొ, ఖాళీ, డు.

మొగుడు!

నవ్వకండి. బ్రహ్మకైనా నాగుకైనా చివర మొగుడే అంటే అదేదో వేదాంతం అనుకున్నాను. దానికి తోడు థీమ్ కూడా కుదిరిపోయింది. చూడండి: సొరకాయ కూర, సమాగమం, వాలుగన్నులు, మొగుడు, నెత్తిన మొట్టికాయ. ఇది పెళ్ళి కాక మరేమిటి? 22 అడ్డం "నాలుగు పొడుగు మాటల్లోనూ దాగినవి చివరికి చిక్కేది ఇందులోనే (2)". రెండో గడి ల, వెన్నెల లోంచి వచ్చింది. అంటే ఖాళీ, ల. తల అని రాశాను. పెళ్ళిలో చిక్కేది తలే కదా అని. మా ఆవిడకి చదివి వినిపిస్తే "చిక్కింది మీ తల కాదు, నా తల" అని లోపలికి వెళ్ళిపోయింది.

కానీ మనసు ఒప్పుకోవడం లేదు. "తలలో చిక్కడం" ఏమిటి? మాస్టారు అలా వదులుగా రాసే మనిషి కాదు. చెరిపి రాసి, చెరిపి రాసి, 11వ గడి దగ్గర కాగితానికి చిల్లి పడింది. అవతలి పేజీలో నిన్నటి గడి కనపడుతోంది.

శ్రీశ్రీ, ఆరుద్ర ఇద్దరూ మన విశాఖ వాళ్ళే. ఇద్దరూ గళ్ళు కట్టిన వాళ్ళే. ఒకాయన దాన్ని పదబంధ ప్రహేళిక అన్నాడు, ఒకాయన గళ్ళ నుడికట్టు అన్నాడు. ఆ ఊళ్ళో పుట్టి ఒక తొమ్మిది తొమ్మిదుల గడికి ఇలా లొంగిపోతే ఎలా? కాస్త చెయ్యి అందించండి.


గళ్ళపిచ్చి అక్క, అక్కయ్యపాలెం
జూన్ 15, ఉదయం 10:05

బాబాయ్ గారూ, మొగుడు చదివి బస్టాపులో నిలబడి ఒక్కదాన్నే నవ్వాను. పక్కావిడ జరిగి నిలబడింది.

జవాబు చెప్పను. మూడు మాటలు చెప్తాను.

మీరు చెరపాల్సింది 11 నిలువు కాదు, 11 అడ్డం. "అనుమానమే లేదు" అన్నారే, అక్కడే. నాకూ ఏది ఎక్కువ నమ్మకంగా రాస్తానో అదే తప్పవుతుంది. నెత్తిన పడే కాయ మన భాషలో ఒక్కటే కాదు.

బ్రహ్మ, నాగు ఇద్దర్నీ దేవుళ్ళు అనుకుంటున్నారు మీరు. "చివర" అన్న మాట పట్టుకోండి. మాస్టారి భాష మనకి అలవాటే కదా. తల తిరిగింది అంటే లత. నగరానికి తల తీసేస్తే గరం. తడబడింది అంటే అక్షరాలు కలగాపులగం. అలాగే "చివర" అంటే మాట చివర. బ్రహ్మ అన్న మాట తర్వాత అతికితే ఒకటవుతుంది, నాగ తర్వాత అతికినా దాదాపు అదే అవుతుంది. మీ వీధి చివర ఖాళీ స్థలంలో కంచెగా ఉంటుంది, చూసుకోండి.

మూడోది థీమ్. మీరు నాలుగు మాటల అర్థాలు కలిపి కథ అల్లేశారు. బాగుంది కథ. కానీ 22లో మాస్టారు "నాలుగు మాటల్లోనూ దాగినవి" అన్నారు. మాటలు కాదు, మాటల్లో దాగినవి. అర్థం మర్చిపోయి వట్టి అక్షరాలు చూడండి. నేనైతే థీమ్ మాటలు ఒకదాని కింద ఒకటి రాసుకుని, ముందు రెండు అక్షరాలు వేలితో మూసి చదువుతాను, తర్వాత చివరి రెండు మూసి చదువుతాను. ఆ తర్వాత ఇవాళ తేదీ చూడండి. మాస్టారు ఈ గడిని నిన్న పెట్టలేదు, రేపు పెట్టరు.

బస్సు వచ్చింది.


పెదజాలరిపేట
జూన్ 15, ఉదయం 10:20

గుమాస్తా గారూ నమస్తే. నాకు ఈ గడి ఆట రాదండి. మా చెల్లి ఆడుద్ది, దాని ఫోన్లోంచే రాస్తున్నాను. అది మీ మెసేజ్ చదివి పడీ పడీ నవ్వతా ఉంటే ఏటా అని నేనూ చదివాను.

పెళ్ళి ఏటండీ! ఒకసారి చూడండి మీరు రాసిన మాటలు.

సొరకాయలో సొర.
సమాగమంలో మాగ.
వాలుగన్నుల్లో వాలుగ.

అన్నీ చేపలే కదండీ! నాకు మాటలు కనపడలేదు, చేపలే కనపడ్డాయి. మొట్టి అనే చేప మాత్రం మా దగ్గర లేదు. ఎవరి దగ్గరా లేదు. జెల్ల ఉంది. మీ నెత్తిన పడింది జెల్లకాయండి బాబూ, మొట్టికాయ కాదు.

ఇంక 22 వల. వల్లో కాక తల్లో చిక్కుతాయేటి చేపలు?

తేదీ కూడా చెప్పేస్తాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం అని ప్రభుత్వం బోట్లు ఆపేస్తాది. నిన్నటితో అయిపోయింది. అర్ధరాత్రి దాటగానే మా నాన్న, మా చిన్నాన్న బోటెక్కి వెళ్ళిపోనారు. ఐసు, డీజిలు, బియ్యం అన్నీ మొన్ననే ఎక్కించేశారు. రాత్రి ఫిషింగ్ హార్బర్ చూడాల్సింది మీరు. కొబ్బరికాయలు కొట్టి, బోట్లన్నీ ఒకదాని వెనక ఒకటి లైట్లేసుకుని డాల్ఫిన్ నోస్ కొండ పక్క నుంచి బయటికి పోతా ఉంటే, రెండు నెలలు కాళ్ళు కట్టేసుకుని కూర్చున్న మనుషులకి అదెలా ఉంటాదో ఏ గడిలోనూ పట్టదు.

ఒక్క మాట. ఈ గడి పెట్టినాయన ఎవరో గానీ వాలుగ మా చేప కాదండి. అది చెరువుల్లో, ఏరుల్లో ఉండే చేప. పెద్ద నోరు, ఒంటి మీద పొలుసు ఉండదు. వేట నిషేధం అయిందని సముద్రం మీద గడి పెట్టి, అందులో మంచినీళ్ళ చేపని ఎలా పెడతారు? మా బోట్లు ఏ చెరువుకెళ్ళాలి?


పోర్టు గుమాస్తా, కంచరపాలెం
జూన్ 15, ఉదయం 10:55

బాబూ, జవాబు చెప్పొద్దని పైన అంత పెద్ద అక్షరాలతో రాశాను కదయ్యా! అయినా నీ మీద కోపం రావడం లేదు. మీ చెల్లెలికి నా ఆశీస్సులు చెప్పు.

జెల్లకాయ. ఎలా మరిచిపోయానో. మా తాతగారు మొట్టికాయ వేసేవారు కాదు, జెల్లకాయే వేసేవారు. మొట్టికాయ అంటే వేళ్ళు మడిచి కణుపులతో ఠక్కున నెత్తి మీద. జెల్లకాయ అరచేత్తో, వెనక నుంచి, చప్పుడుతో. దెబ్బ తక్కువ, అవమానం ఎక్కువ. రెండూ నాలుగు గళ్ళే, రెండింటి చివరా కాయే. ఆధారానికి రెండూ సరిపోతాయి. తేడా అంతా ఆ మొదటి గడిలోనే ఉంది, నేను దాన్నే మూసేసుకుని కూర్చున్నాను.

జె వచ్చాక 11 నిలువు చూడండి. జె, ఖాళీ, డు. జెముడు! బ్రహ్మజెముడు, నాగజెముడు. అక్క చెప్పినట్టు మా వీధి చివర నిజంగానే ఉంది. రోజూ పాలపేకెట్టుకి వెళ్ళేటప్పుడు పంచె దానికి తగలకుండా ఎత్తి పట్టుకుని నడుస్తాను. ముప్పై ఏళ్ళుగా తప్పుకుని నడిచిన మొక్క గళ్ళలోకి వచ్చేసరికి మొగుడైంది.

ఇప్పుడు అసలు సిగ్గుపడాల్సిన సంగతి. నేను ముప్పై నాలుగేళ్ళు పోర్టులో గుమాస్తాగా చేశాను. ఇనుప ఖనిజం, బొగ్గు, ఎరువులు, ఏ ఓడ ఏ బెర్తుకి ఎప్పుడు వచ్చిందో చూడకుండా చెప్పగలను. ఫిషింగ్ హార్బర్ నేను కూర్చునే చోటుకి ఎంత దూరమని! మా ఇంట్లో చేప తినరు. అంచేత ఎదురుగా గంప వస్తే మొహం తిప్పుకోవడం తప్ప ఏనాడూ దాని పేరు అడగలేదు. వంజరం, చందువ, పండుగప్ప, నెత్తళ్ళు, ఇవి వినడం విన్నాను. మాగ అన్నది చేపని ఇవాళే తెలిసింది. సమాగమం అని వంకర లేకుండా రాశాను, మధ్యలో చేప ఉందని చూడలేదు.

22లో వల అని రాశాను. చిల్లి పడిన కాగితం మీదే.


మధురవాడ నైట్ షిఫ్ట్
జూన్ 15, మధ్యాహ్నం 12:40

ఇప్పుడే లేచాను, గడి కొట్టి వచ్చాను. గుమాస్తా గారి మొట్టికాయ, జెల్లకాయ గొడవ చదివాక ఒకటి చెప్పకుండా ఉండలేను.

1996 నవంబర్ 5, అమెరికాలో అధ్యక్ష ఎన్నికల రోజు. ఆ పొద్దున్న న్యూయార్క్ టైమ్స్ గడిలో నడుమ ఒక ఆధారం: రేపటి పేపర్లో పెద్ద వార్త. దాని పక్కనే "ఎన్నికయ్యాడు" అన్న మాట. గళ్ళు ఏడు. జనం క్లింటన్ అని నింపారు, ఇంగ్లిషులో ఏడు అక్షరాలు. ఓట్లు ఇంకా పూర్తిగా పడనే లేదు, పేపరు వాళ్ళు ముందే ఫలితం చెప్పేశారని తిట్లు మొదలయ్యాయి. కానీ ఆయన మీద పోటీ చేసిన బాబ్ డోల్ పేరు కూడా ఏడు అక్షరాలే. అదీ సరిపోతుంది! మరి నిలువు మాటలు? మొదటి అక్షరం దగ్గర దిగేదానికి ఆధారం "హాలోవీన్ నాటి నల్ల జంతువు". పిల్లి అంటే క్యాట్, గబ్బిలం అంటే బ్యాట్. రెండూ కుదురుతాయి. ఇలా ఏడు నిలువులూ రెండు రకాలుగా నిండుతాయి. ఎవరు గెలిచినా గడి తప్పు కాదు. కట్టినాయన జెరెమయా ఫారెల్ అనే లెక్కల ప్రొఫెసర్.

అంటే మన మాస్టారు 11 నిలువుకి ఇంకాస్త కష్టపడి మొ తో ఒకటి, జె తో ఒకటి కుదిరేలా ఆధారం రాసి ఉంటే గుమాస్తా గారి పెళ్ళి కథ కూడా చెల్లేది. అయితే తెలుగులో అది నరకం. ఇంగ్లిషులో గడికి ఒక అక్షరం. సి తీసి బి పెడితే పనైపోతుంది. మనకి గడిలో కూర్చునేది గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ కలిసిన మొత్తం అక్షరం. రెండు మాటలకీ ఒకే చోట అదే గుణింతం, అదే ఒత్తు పడటం లాటరీ తగలడమే.

దాగిన మాటలకీ ఇదే చిక్కు. పొద్దున్న మా తమ్ముడు "పీతాంబరంలో పీత ఉంది, అదెందుకు పెట్టలేదు" అన్నాడు. చెవికి ఉంది, గడికి లేదు. రెండో గడిలో ఉన్నది తాం, త కాదు. చెవికి వినపడేదల్లా గడిలో కూర్చోదు. సొరంగంలో సొర కూడా అంతే, అక్కడ రం ఉంది.

ఇంక మాస్టారి మీద నాదీ ఒక ఫిర్యాదు. వాలుగ సంగతి పెదజాలరిపేట తమ్ముడు చెప్పాడు. నాది మాగ గురించి. సొర తలలో ఉంది, జెల్ల తలలో ఉంది, వాలుగ తలలో ఉంది. మాగ ఒక్కటే పొట్టలో ఉంది, ముందు స, వెనక మం. థీమ్ కట్టేటప్పుడు నాలుగూ ఒకే తీరులో దాక్కోవాలి. మూడు తలలో ఉంటే నాలుగోది కూడా తలలోనే ఉంటుందని వెతికేవాడు వెతుకుతాడు. మాగధులు పెట్టొచ్చు కదా? మా, గ, ధు, లు, సరిగ్గా నాలుగు గళ్ళు. "వందుల పక్కన నిలబడి పొగిడేవాళ్ళు" అంటే చాలు. కాకపోతే అప్పుడు గరిటె ఎగిరిపోతుంది, గ రెండో గడిలోకి జరుగుతుంది కనక. ఆ మూల మళ్ళీ కట్టుకోవాలి. దానికే బద్ధకించారని నా అనుమానం.


గడి మాస్టారు
జూన్ 15, మధ్యాహ్నం 1:30

బద్ధకం కాదు నాయనా, రాత్రి పదకొండయింది. మాగధులు నాకూ తోచింది. కానీ గుమాస్తా గారి లాంటి వాళ్ళు సమావేశం అని రాసి చెరుపుకోవాలని ఆశ. ఆ ఆశ నెరవేరింది. మూడు తలలు, ఒక పొట్ట అన్నది తప్పే, ఒప్పుకుంటున్నాను.

వాలుగ విషయంలో ఆ అబ్బాయికి చేతులెత్తి నమస్కారం. మాది చోడవరం వైపు. మా చెరువులో వాలుగ పట్టేవాళ్ళు, అదే బుర్రలో ఉండిపోయింది. సముద్రం చేప ఏదైనా చెప్పు, మళ్ళీ ఏడాది జూన్ 15కి మారుస్తాను.


పెదజాలరిపేట
జూన్ 15, మధ్యాహ్నం 1:50

పార అని ఒక చేప ఉంటాదండి మాస్టారూ. పారలు అంటాం. మట్టి తీసే పార కాదు. దాంతో మాట దొరుకుద్దేమో చూడండి.

మా చెల్లి చెప్తోంది: పారవశ్యం. నాలుగు గళ్ళంట. నాకు తెలీదు, అది చెప్పమంటే చెప్పాను.


ఏయూ జువాలజీ
జూన్ 15, సాయంత్రం 4:15

గడి కొట్టను గానీ చేపల పేర్లు చూసి ఆగాను. మన ఊరి చేపల పేర్లు రాసిపెట్టిన మొదటి వాళ్ళలో ఒకాయన ప్యాట్రిక్ రస్సెల్. ఈస్టిండియా కంపెనీ వాళ్ళ దగ్గర పనిచేశాడు. రక్తపింజరిని ఇంగ్లిషులో రస్సెల్స్ వైపర్ అంటారే, ఆ రస్సెలే. విశాఖపట్నంలో సేకరించిన 200 చేపలకి బొమ్మలు వేయించి, వివరాలతో 1803లో లండన్లో అచ్చు వేయించాడు. మన వాళ్ళు ఇక్కడ ఏ చేపని ఏమని పిలిచేవాళ్ళో ఆ పేర్లు ఇంగ్లిషు అక్షరాల్లో రాసుకున్నాడు. గడి మాస్టారికి అది దొరికితే ఏడాదంతా చేపల గడులే వస్తాయేమో, కాస్త జాగ్రత్త.


గళ్ళపిచ్చి అక్క, అక్కయ్యపాలెం
జూన్ 15, రాత్రి 8:10

పారవశ్యం చెప్పిన చెల్లెమ్మని ఈ గుంపులోకి సొంత పేరుతో రమ్మనండి. అన్నయ్య ఫోన్ లాక్కుని రాస్తుంటే ఎన్నాళ్ళు ఊరుకుంటుంది?

బాబాయ్ గారూ, వల అని రాశాక పిన్నిగారు ఏమన్నారు?


పోర్టు గుమాస్తా, కంచరపాలెం
జూన్ 16, ఉదయం 8:20

మీ పిన్ని "అదే, నేను చెప్పలేదూ, చిక్కింది నేనే" అంది.

ఇవాళ పొద్దున్న ఒక పని చేశాను. మా పైవాటా వాళ్ళకి ఒక ముసలామె చేపలు తెస్తుంది. ఏడున్నరకి మెట్ల దగ్గర గంప దించి కేకేస్తుంది. ఇన్నేళ్ళలో మొదటిసారి దగ్గరికి వెళ్ళి "జెల్ల ఉందా అమ్మా" అన్నాను. ఆమె నన్ను కింద నుంచి పైదాకా చూసింది. "నువ్వు తింటావేటి బావూ?" అంది. తినను, చూస్తాను అన్నాను. ఏమనుకుందో, గోనెపట్టా తీసి చూపించింది. పొలుసు లేదు. నున్నగా, బూడిద రంగులో, మూతి దగ్గర మీసాలు. నేను వేలు చాపబోతే చెయ్యి మీద ఒక్కటి వేసింది. "ముల్లుంది, సూసుకో" అని. వీపు మీద ఒకటి, అటొకటి ఇటొకటి రెక్కల దగ్గర, రంపంలా పళ్ళున్న ముళ్ళు. గుచ్చుకుంటే రోజంతా సలుపుతుందట.

మాగ అడిగితే "బోట్లు రానీ, అప్పుడు సూపిత్తాను" అంది. వాలుగ అడిగితే నవ్వింది.

మాస్టారూ, ఒక సందేహం. నిన్న 11 అడ్డం జెల్ల, 11 నిలువు జెముడు. రెండూ ఒకే గడిలో మొదలై, ఒకటి అడ్డంగా పోతే ఒకటి కిందకి దిగింది. రెండింటికీ ముళ్ళే. ఇది కావాలని కట్టారా, కలిసొచ్చిందా? ఇది మాత్రం జవాబు చెప్పండి, దారి చూపించక్కర్లేదు.

ఇవాళ్టి గడిలో 3 నిలువు దగ్గర ఆగాను. "గుడి ముందు ఉంటుంది, తోక తెగితే గుడి వెనక్కి వెళుతుంది (4)". కొత్త కాగితం మీద రాస్తున్నాను, ఇంకా చిల్లి పడలేదు.